శేష స్క్రూ మీమాంస

మన పూర్వులు శాస్త్రం రాయని విషయం లేదు. ఏనుగుల వైద్యం మీద రాశారు. గుర్రానికి సుడి ఎక్కడుంటే యజమానికి ఏమవుతుందో రాశారు. బల్లి నెత్తిన పడితే ఒక ఫలం, మోచేతి మీద పడితే ఇంకో ఫలం అని ఒళ్ళంతా కొలిచి మరీ రాశారు. ఆఖరికి దొంగతనానికీ శాస్త్రం ఉంది. మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వెయ్యబోతూ, ఏ ఆకారంలో వేస్తే పద్ధతిగా ఉంటుందా అని గోడ ముందు నిలబడి తర్కించుకుంటాడు. కొలతాడు తెచ్చుకోవడం మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. ఇంత చేసినవాళ్ళు ఒక్క ప్రశ్న మాత్రం మనకు వదిలేసి పోయారు. విప్పిన యంత్రాన్ని మళ్ళీ బిగించాక అరచేతిలో ఒక స్క్రూ ఎందుకు మిగులుతుంది?

ఆ లోటు పూడ్చడానికి మూడు రాత్రులు, ఒక ఆదివారం, ఒక జత అరల్డైట్ ట్యూబులు, కుడిచేతి చూపుడువేలి మీద కొంత చర్మం ఖర్చుపెట్టి ఈ చిరుగ్రంథం కూర్చాను.

గ్రంథం మొదట్లో అనుబంధ చతుష్టయం చెప్పడం సంప్రదాయం. విషయం: 2017లో కొన్న ఒక గేమింగ్ ల్యాప్‌టాప్, దాని విరిగిన మూత. ప్రయోజనం: కొత్తది కొనకుండా తప్పించుకోవడం. సంబంధం: మేనమామ సంబంధం, ల్యాప్‌టాప్ మా అక్క కొడుకుది. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు ఎవడు? చేతిలో స్క్రూడ్రైవరు ఉన్నవాడు కాదు, అది అందరి ఇళ్ళల్లోనూ ఉంటుంది. గతంలో కనీసం ఒక గోడగడియారాన్నో ఇస్త్రీపెట్టెనో విప్పి, తిరిగి బిగించలేక, ముక్కల్ని క్యారీబ్యాగులో కట్టి అటక ఎక్కించినవాడు అర్హుడు. ఆ సంచీ ఇంకా అటక మీదే ఉంటే వాడు ఉత్తమాధికారి. మా ఇంటి అటక మీద మూడున్నాయి.

లక్షణ నిర్ణయం

సూత్రం: వెలుగును, రొదను, వేడిని పుట్టించుచు, ఒడి పేరు పెట్టుకొని ఒడిలో నిలువనిది గేమింగ్ ల్యాప్‌టాప్.

భాష్యం. వెలుగు, రొద, వేడి అని అక్కడితో ఆపితే పెళ్ళి ఊరేగింపులో డీజే బండికి కూడా వర్తించి అతివ్యాప్తి దోషం పడుతుంది. అందుకని రెండో భాగం చేర్చాం. పేరు ల్యాప్‌టాప్. ఒడిలో పెట్టుకుంటే పది నిమిషాల్లో తొడలు చుర్రుమంటాయి. కింద గాలి పీల్చుకునే చిల్లుల్ని లుంగీ మూసేస్తే అది ఇంకా వేడెక్కి ఇంకా అరుస్తుంది. కాబట్టి అది ఎప్పుడూ టేబుల్ మీదే, ఎప్పుడూ ఛార్జరుకు కట్టేసే ఉంటుంది. పాడి గేదె కూడా అంతకన్నా ఎక్కువ తిరుగుతుంది.

ఈ జాతి మన ఇళ్ళల్లోకి ఏ దారిన ప్రవేశించిందో చరిత్రకు ఎక్కించాలి. 2017లో మా వాడు బి.టెక్‌లో చేరాడు. "మామూలు ల్యాప్‌టాప్ మీద ఆటోక్యాడ్ నడవదు మావయ్యా, గ్రాఫిక్స్ కార్డు ఉండాలి" అన్నాడు. వాడు చేరింది కంప్యూటర్ సైన్సులో. దానికీ ఆటోక్యాడ్‌కీ ఏమిటి సంబంధమని అడగడానికి మా బావగారికి ఆ సంగతి తెలియదు. తెలిసిన నేను నోరు మెదపలేదు, ఎందుకంటే ఒకసారి ఆడి చూడాలని నాకూ ఉంది. అలా ఇంటికి వచ్చింది: జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్సు, ఏడో తరం ఐ7, రెండున్నర కిలోల బరువు, విడిగా ఇటుకంత ఛార్జరు. నాలుగేళ్ళ చదువు ముగిసింది. ఆటోక్యాడ్ ఒక్కనాడూ ఎక్కలేదు. కీబోర్డు మీద డబ్ల్యు, ఏ, ఎస్, డి అనే నాలుగు అక్షరాలు మాత్రం అరిగి మాయమయ్యాయి. రేపెప్పుడో తవ్వకాల్లో ఈ కీబోర్డు దొరికితే, 21వ శతాబ్దపు తెలుగువాళ్ళకు పవిత్రమైన అక్షరాలు నాలుగని, భక్తితో తడిమి తడిమి అరగదీశారని ఎవరో ఒకరు డాక్టరేటు తీసుకుంటారు.

ఇప్పుడు వాడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసు ల్యాప్‌టాప్ వేరే ఉంది. దాని మూత తెరవడానికి వాడికి రోజూ బద్ధకం. దీని మూత తెరవడానికి ఏనాడూ బద్ధకం లేదు. రోగకారణం అక్కడే ఉంది.

కీలు ప్రకరణం

కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. ల్యాప్‌టాప్‌కు మర్మస్థానం ప్రాసెసరని పామరులు అనుకుంటారు. ప్రాసెసరు ఎనిమిదేళ్ళైనా చెక్కుచెదరలేదు. గ్రాఫిక్స్ చిప్పు బాగుంది, తెర బాగుంది. పోయింది ఏమిటంటే, శనగగింజంత ప్లాస్టిక్ గుబ్బ.

సూత్రం: ఖరీదైనది విరుగదు, విరిగినది ఖరీదైనది కాదు, ఐనను ఖర్చు తప్పదు.

మూత మూసి కంప్యూటర్ని పుస్తకంలా మడిచే పద్ధతి 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్‌తో మొదలైంది. దాని రూపశిల్పి బిల్ మాగ్రిడ్జ్. ధర ఎనిమిది వేల డాలర్ల పైమాటే. అమెరికా స్పేస్ షటిల్ ఎక్కి అంతరిక్షానికి కూడా వెళ్ళొచ్చింది. దాని పెంకు మెగ్నీషియం మిశ్రమం. లోహపు పెంకు, లోహపు కీలు: వియ్యం సరిసమానం. మా వాడి యంత్రంలో కీలు ఉక్కుది, పెంకు ప్లాస్టిక్కుది. అలాంటి సంబంధాలు ఎలా ముగుస్తాయో వేరే చెప్పక్కర్లేదు, ఎవరి ప్లాస్టిక్కు వాళ్ళకుంటుంది.

లోపలి కథ ఇదీ. మూత వెనక పలకకు లోపలివైపు గుబ్బలుంటాయి. ఒక్కో గుబ్బ నడుమ వేడి చేసి దించిన చిన్న ఇత్తడి బుష్షు. బుష్షులోకి స్క్రూ. స్క్రూ పట్టుకునేది ఉక్కు కీలుని, బజారు భాషలో హింజ్‌ని. హింజ్ లోపల ఇరుసును వాషర్లు నొక్కిపెట్టి ఉంటాయి. ఆ రాపిడి ఉండబట్టే మూతను ఏ కోణంలో వదిలితే ఆ కోణంలో నిలుస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ వాషర్ల మధ్య గ్రీజు ఎండి హింజ్ బిగుసుకుంటుంది. అదే ఏళ్ళల్లో ప్లాస్టిక్కు వేడికి కాగి కాగి పెళుసుబారుతుంది. ఇక తెరిచే చెయ్యి సంగతి. మూతను నడిమధ్య పట్టుకుని నెమ్మదిగా ఎత్తాలని తయారీదారుల ఉద్దేశం. మా వాడు ఒక చేత్తో ఫోను చూసుకుంటూ రెండో చేత్తో ఎడమ మూల పట్టుకుని బిందె మూత తీసినట్టు లాగుతాడు. రెండు కీళ్ళు పంచుకోవాల్సిన బరువు ఒక్కదాని నెత్తిన పడుతుంది.

ఒక శుక్రవారం రాత్రి టప్‌మంది. ఇత్తడి బుష్షు గుబ్బతో సహా ఊడొచ్చి, మూత ఎడమ మూల నవ్వినట్టు విచ్చుకుంది. కావ్యంలో అయితే దీన్ని విసంధి దోషం అనాలి. మా వాడు దాన్ని దోషంగా గుర్తించక, నవ్వుతున్న మూతనే ఇంకో వారం తెరిచి మూశాడు. తెరకు పోయే కేబుల్ హింజ్ పక్కనుంచే పోతుంది. అది నలిగిందంటే తెర మిణుకుమిణుకుమంటుంది. మిణుకుమన్నాక గానీ మావయ్య గుర్తుకు రాలేదు.

ముందు సికింద్రాబాద్ వెళ్ళాం. పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని అడిగితే ఎవరూ చెప్పరు, సీటీసీ అంటే ఆటో దానంతటదే వెళ్తుంది. అక్కడ ఒక షాపులో, మంచం కన్నా చిన్నదైన జాగాలో, ఒక కుర్రాడు భూతద్దాల దీపం కింద ఎవరిదో మదర్‌బోర్డు మీద వేడిగాలి కొడుతున్నాడు. మా ల్యాప్‌టాప్ మూలను గోటితో ఎత్తి చూశాడు.

"ఏ పార్ట్ పోయింది సార్. హింజ్ టైటుంది గదా, సి పార్ట్‌ల గూడ క్రాక్ వచ్చింది. ఏ బి సి డి మొత్తం మార్చాలె."

ఇక్కడ పరిభాష. ల్యాప్‌టాప్ శరీరానికి నాలుగు పలకలు. మూత వెనకది ఏ, తెర చుట్టూ ఉండే చట్రం బి, కీబోర్డు ఉన్నది సి, కింద నేలకు ఆనేది డి. పిల్లవాణ్ణి ఇంత చదివించి, ఇంజనీరింగు పట్టా ఇప్పించి, ఉద్యోగంలో చేరాక మళ్ళీ ఏబీసీడీలకు డబ్బు కట్టాల్సి వస్తుందని మా అక్క కలలో కూడా అనుకుని ఉండదు.

"బాడీ దొరుకుతుందా బాబూ?"

"గీ మోడల్ బంద్ అయింది సార్. ఢిల్లీకెల్లి తెప్పియ్యాలె. వాడిందే దొరుకుతది."

ఎంతవుతుందో కూడా చెప్పాడు. ఆ అంకెను ఈ గ్రంథంలో రాయను, మా బావగారి కంట పడే అవకాశం ఉంది. ఇంకో దారి కూడా చూపించాడు: మూతకు ఆరపార రంధ్రం వేసి నట్టూ బోల్టూ బిగించడం. నిజం చెప్పాలంటే అన్నిటికన్నా గట్టిగా నిలిచే చికిత్స అదే. బయటికి బోల్టు తల మెరుస్తూ కనిపిస్తుంది. నేను దాన్ని ముక్కుపుడక అన్నాను. మా వాడు ఒప్పుకోలేదు. ఆన్‌లైన్లో ఆడుకునేవాళ్ళకు మూత వెనకభాగం ఎవరికి కనిపిస్తుందో వాడే చెప్పాలి.

2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. బాగుచేసుకునే హక్కు అన్నమాట. నిజానికి హక్కుకు నాకెప్పుడూ కొదవ లేదు, అటక మీద మూడు సంచులే సాక్ష్యం. కొదవ అంతా చేతనవడం దగ్గరే. అయినా ఆ పేరు తలుచుకుని ధైర్యం తెచ్చుకున్నాను. "మనమే చేద్దాం" అన్నాను. మా వాడు ముఖం తిప్పుకున్నాడు. దాన్ని అంగీకారంగా తీసుకున్నాను.

లేపన ప్రకరణం

అతికించే విద్యలో మూడు మతాలు. ఒకే ట్యూబు, ఒకే బొట్టు, క్షణంలో ఐక్యం: ఫెవిక్విక్ వాళ్ళు అద్వైతులు. రెండు ట్యూబులు, రెసిన్ వేరు, హార్డెనర్ వేరు, రెండూ సమపాళ్ళలో కలిస్తే తప్ప మోక్షం లేదు: అరల్డైట్ వాళ్ళు ద్వైతులు. ఒకే ట్యూబు, కానీ వంటసోడా అనే విశేషణంతో కూడి ఉన్నది: వీళ్ళు విశిష్టాద్వైతులు, ఫుట్‌పాత్ మెకానిక్కుల్లో వీళ్ళ బలం ఎక్కువ. సోడా చల్లి ఒక చుక్క వేస్తే చుర్రుమని పొగ వచ్చి రాయిలా గడ్డకడుతుంది. చూడ్డానికి అద్భుతం. కాకపోతే ఆ రాయికి సాగే గుణం లేదు. కీలు దగ్గర రోజూ పడే గుంజుడుకి పెళుసు జిగురు పెటుక్కున లేచిపోతుంది. పగిలిన గ్లాసు బొమ్మకు సరిపడే మతం, బరువు మోసే గుబ్బకు చాలదు.

కనుక ద్వైతమే సిద్ధాంతం. కానీ జిగురు పట్టకముందు చెయ్యాల్సినవి మూడు పనులున్నాయి, వాటిని వదిలేసినవాళ్ళే మళ్ళీ షాపుకు వెళ్తారు. మొదటిది, హింజ్ చివరన ఉండే చిన్న నట్టును కొంచెం, పావు చుట్టు మించకుండా వదులు చెయ్యాలి. బిగువు అలాగే ఉంచి గుబ్బ అతికించడం, కప్పు కారుతుంటే కింద కొత్త చాప పరవడమే. రెండోది, అతికే రెండు ముఖాల్నీ గరుకు కాగితంతో గీకాలి. నున్నటి ప్లాస్టిక్కును ఏ జిగురూ నమ్మదు. మూడోది, స్క్రూ మరలకు కొబ్బరినూనె రాయాలి, లేకపోతే జిగురు బుష్షులోకి కారి స్క్రూను కూడా శాశ్వతంగా పెళ్ళాడుతుంది. ఈ మూడోది నా సొంత కూర్పు. పారాచూట్ సీసా ఇచ్చినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. "తలకేనా?" అని మాత్రం అడిగింది.

ఒక రాత్రంతా ఆరబెట్టాలి. అరగంటకోసారి వేలు పెట్టి చూడడం ఈ శాస్త్రంలో నిషిద్ధం. చూపుడువేలి చర్మం పోయింది అక్కడే.

హ్రస్వ దీర్ఘ విచారం

కాలక్రమంలో ఇది ముందు రావాలి, విప్పకుండా అతికించలేం కదా. కానీ కీలు తెగిన బాధలో వరస తప్పింది. శాస్త్రకారులకు ఈ మాత్రం చెల్లుతుంది.

డి పలకకు పదకొండు స్క్రూలు. తలలన్నీ ఒకేలా ఉంటాయి, తోకల్లో తేడా. ముందువైపువి నాలుగు పొట్టివి, అవి హ్రస్వాలు. పక్కలకు ఆరు పొడుగువి, దీర్ఘాలు. వెనక హింజ్ పక్కన అన్నిటికన్నా పొడుగుది ఒకటి, అది ప్లుతం. కలం కాలం అయితే అర్థం మారినట్టే ఇక్కడా మారుతుంది: హ్రస్వం కంతలో దీర్ఘాన్ని దింపితే అది లోపల్నుంచి పొడిచి పైపలక మీద బొబ్బ లేపుతుంది. అక్కడ బోర్డు ఉంటే బొబ్బతో పోదు. దీర్ఘం కంతలో హ్రస్వాన్ని వేస్తే మరల అంచు కూడా అందక ఊరికే తిరుగుతుంది. మనిషికి మతి చలిస్తే తెలుగువాళ్ళు స్క్రూ లూజు అని ఊరకే అనలేదు.

పదకొండులో ఒకటి రబ్బరు కాలి కింద దాక్కుని ఉంటుంది. పదింటిని తీసి, అన్నీ అయిపోయాయని పలకను లాగేవాడికి చిటపటమని చప్పుడు వినిపిస్తుంది. అది కొక్కేలు విరిగే చప్పుడు. మాకు రెండుసార్లు వినిపించింది.

తల మీద ప్లస్ గుర్తుకు ఫిలిప్స్ అని పేరు. హెన్రీ ఫిలిప్స్ అనే అమెరికన్ 1936లో పేటెంటు తీసుకున్నాడు. బలం ఎక్కువైతే డ్రైవరు కొన జారి పైకి లేచి వచ్చేస్తుంది, అది దాని జన్మస్వభావం. ఆ జారడంలోనే తల అరుగుతుంది. అరిగిన తల మీద వెడల్పు రబ్బరు బ్యాండు పరిచి, డ్రైవరును గట్టిగా అదిమి తిప్పితే చాలాసార్లు కదులుతుంది. మైనస్ గీత తల అంతకంటే ఎంతో పాతది. మా ల్యాప్‌టాప్‌లో అది ఒక్కచోట కూడా లేదు. ఈ మాట కొంగున ముడి వేసుకోండి.

తీసిన స్క్రూలను ఎక్కడివక్కడ పెట్టడానికి ఇడ్లీ ప్లేటును మించిన పరికరాన్ని మానవుడు కనిపెట్టలేదు. గుంటకో జాతి. ఒక్కటే లోపం, గుంటల్లో ఆవిరి చిల్లులుంటాయి. స్క్రూలు తలదాకా దిగి వరసగా నిలబడ్డాయి, చూడముచ్చటగా ఉంది. అమ్మకు ముచ్చట అనిపించలేదు. "ఒరేయ్, రేపు ఆదివారంరా, పిండి రుబ్బి పెట్టాను" అంది. శాస్త్రం కోసం ఆ వారం దోసెలు తిన్నాం.

ధూళి మొదలైనవి

విప్పాం కదా అని మిగతావి కూడా చూశాం. వేడిని మోసేది రాగి గొట్టాలు. వాటి లోపల పిసరంత నీరు ఉంటుంది. చిప్పు దగ్గర ఆవిరవుతుంది, అవతలి కొసన రాగి రేకుల దగ్గర చల్లబడి మళ్ళీ నీరై తిరిగి వస్తుంది. ఆ రేకుల గుండా ఫ్యాను గాలి కొట్టాలి. ఫ్యానుకీ రేకులకీ మధ్య ఎనిమిదేళ్ళ హైదరాబాదు దుమ్ము నేసుకుని కంబళి అయింది. పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా వచ్చింది. మా వాడు దాన్ని ఫొటో తీసుకున్నాడు. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపాలి, లేకపోతే అది తన శక్తికి మించి తిరిగి బేరింగు చెడగొట్టుకుంటుంది. ఈ ఐ7 వంద డిగ్రీల దగ్గరకు రాగానే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఆటలో శత్రువు వేగంగా కదులుతున్నాడని మా వాడు రెండేళ్ళుగా పడుతున్న బాధకు మూలం శత్రువు కాదు, కంబళి.

చిప్పుకూ రాగికీ మధ్య పేస్టు ఎండి సున్నంలా రాలింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి కొత్తది పెసరగింజంత పెట్టాలి. మా వాడు దోసె మీద నెయ్యి వేసినట్టు వెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాను. హీట్‌సింక్ స్క్రూల పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెక్కి ఉంటాయి, ఆ వరసలోనే బిగిస్తే చిప్పు మీద ఒత్తిడి సమానంగా పడుతుంది. చీమ కాలంత అంకెలు. నా కళ్ళజోడు దూరానికి పనికొస్తుంది గానీ దగ్గరికి పనికిరాదు. అమ్మ కళ్ళజోడు తెచ్చుకున్నాను. అది నా ముక్కు మీద నిలవక, పెట్టి తీసి, తెరిచి మూసి, ఒకసారి దాని మీద కూర్చోబోయి లేచి, మొత్తానికి అంకెలు చదివాను.

గ్రాఫిక్స్ చిప్పు ప్రసక్తి వచ్చింది కాబట్టి పాకచికిత్స ఒకటి చెప్పాలి. 2008 ప్రాంతంలో ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుల్లో టంకం చిట్లే జబ్బు పెద్దయెత్తున వచ్చింది. దానికయ్యే ఖర్చుల కోసం ఎన్విడియా ఆ ఏడు 150 నుంచి 200 మిలియన్ డాలర్ల దాకా పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. అప్పట్లో చచ్చిన బోర్డును ఓవెన్‌లో పెట్టి కాల్చి లేపినవాళ్ళున్నారు. లేచేది, కొన్నాళ్ళకు మళ్ళీ పడుకునేది. సీసం కలిపిన పాత టంకం 183 డిగ్రీలకే కరిగేది. 2006లో ఐరోపా సీసాన్ని కట్టడి చేశాక వచ్చిన కొత్త టంకం 217 దాకా పోతే గానీ కరగదు, ఈలోపు ప్లాస్టిక్కులన్నీ కరుగుతాయి. మా ఇంట్లో ఓవెన్ లేదు. అది శాస్త్రానికి నష్టం, ల్యాప్‌టాప్‌కు లాభం.

బ్యాటరీ గురించి నవ్వకుండా చెప్తాను. అది పూరీలా పొంగి ఉంది. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోవడానికి కారణం కింద నుంచి అది ఎత్తిపట్టడం. వేడిలో, రోజంతా నిండా ఛార్జిలో ఉంచితే లిథియం సెల్లు లోపల ద్రావకం విరిగి వాయువు పుడుతుంది. పొంగిన దాన్ని సూదితో పొడవకూడదు, వంచకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు, నిప్పంటుకుంటుంది. మెల్లగా విడదీసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇచ్చాం. ఇప్పుడది ఛార్జరు మీదే నడుస్తోంది. ఎప్పుడూ అలాగే నడిచింది కాబట్టి మా వాడికి తేడా తెలియలేదు.

శేష ప్రకరణం

ఆదివారం సాయంత్రం బిగించడం పూర్తయింది. మూత మూశాం, తెరిచాం. విసంధి పోయింది. బటన్ నొక్కితే ఎర్రదీపాలు వెలిగాయి, ఫ్యాను మునుపటిలా అరవకుండా దగ్గినట్టు ఒకసారి అని ఊరుకుంది. విండోస్ 10 లేచింది. దానికి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది, విండోస్ 11 తెద్దామంటే ఏడో తరం ప్రాసెసర్ని గడప దాటనివ్వదు. శరీరానికి చికిత్స అయ్యేసరికి ఆత్మకు గడువు తీరింది. మా వాడు అవేవీ వినకుండా ఆటలోకి వెళ్ళిపోయాడు.

నేను కింద పరిచిన తువ్వాలు దులిపాను. ఒక స్క్రూ రాలింది.

దీని మీద మూడు వాదాలు. మొదటిది అధికవాదం: ఫ్యాక్టరీవాడే ఒకటి ఎక్కువ వేశాడు. రబ్బరు కాలికి కూడా విడిగా డబ్బు అడిగే లోకంలో స్క్రూ ఉచితంగా ఇచ్చారనడం ప్రమాణానికి నిలవదు. రెండోది లోపవాదం. లోపం అంటే ఇక్కడ తప్పని కాదు, వ్యాకరణంలో లాగా ఉండాల్సినచోట లేకపోవడం. మా వాడు కరుడుగట్టిన లోపవాది. ఆట ఆపించి, ముఖం మాడ్చుకుని, మళ్ళీ విప్పించాడు. హ్రస్వాలు నాలుగు, దీర్ఘాలు ఆరు, ప్లుతం ఒకటి. హింజ్‌లవి, ఫ్యాన్లవి, హీట్‌సింక్‌వి, అన్ని కంతలూ నిండే ఉన్నాయి. ఒక్క ఖాళీ లేదు. లోపవాదం కూలింది.

మూడోది నాది, బహుళవాదం. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్ళకు బహుళం అన్న మాట మహిమ తెలుసు. ఒకచోట కార్యం తప్పక జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట జరిగినా మానినా ఒకటే, ఇంకోచోట అనుకున్నది కాక మరేదో జరుగుతుంది. నాలుగు దారులూ మూసి పెట్టిన ఇలాంటి మాట ఉండగా మెకానిక్కులు కారణాలు వెతుక్కుంటూ ఎందుకు అలసిపోతారో తెలియదు. స్క్రూ మిగలడం బహుళం. అంతే.

సిద్ధాంతం చెప్పాక నమూనాను పరీక్షించాలి కనుక దీపం కిందికి తెచ్చాను. మిగతావాటిలో పావు వంతు లేదు. వెంట్రుకంత మరలు. తల మీద ప్లస్ లేదు, మైనస్ గీత. ఇక్కడ ఒక క్షణం నా శాస్త్రం తొణికింది, దాచను. వెంటనే సర్దుకున్నాను: లోకవ్యవహారంలో లేని రూపం పూర్వగ్రంథాల్లో కనబడితే ఆర్ష ప్రయోగం అని గౌరవించి ఊరుకుంటాం. ఫిలిప్స్‌కు ముందు కాలపు స్క్రూ ఒకటి ఏ ఆదిమ సంప్రదాయం వల్లో ఈ యంత్రంలో మిగిలింది, ఋషులు పెట్టారు, కదిలించడానికి మనమెవరం అని నోట్సులో రాసుకుంటున్నాను.

"ఒరేయ్, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావురా? సీరియల్ టైమైంది."

టేబుల్ మీద నుంచి తీసి ఇచ్చాను. అమ్మ తెరిచింది. ఎడమ కాలు తెరుచుకుంది. కుడి కాలు తెరుచుకోలేదు, ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

ఆవిడ ఆ కాలుని చూసింది, కళ్ళజోడు చివర ఖాళీగా ఉన్న చిన్న కీలుని చూసింది, తర్వాత దీపం కింద నా అరచేతిని చూసింది.

నేను సన్న స్క్రూడ్రైవరు అందుకున్నాను. కొన ప్లస్సే. "అమ్మమ్మా, అరల్డైట్ ఇంకా కొంచెం మిగిలింది" అన్నాడు మా వాడు, ఆటలోంచి తల ఎత్తకుండా.

అమ్మ కళ్ళజోడునీ దాని కాలునీ కొంగులో చుట్టుకుంది. "మీరు ముట్టుకోకండి. సందు చివర అద్దాల షాపు అబ్బాయి నిమిషంలో వేస్తాడు, డబ్బులు కూడా తీసుకోడు. ఆ స్క్రూ ఇలా తే" అని చెయ్యి చాచింది.

గ్రంథానికి ఆధారమైన ఏకైక నమూనా అలా చేతులు మారింది.